రాయని పేజీ కింద సంతకం

ఆ శుక్రవారం గోపమ్మ సంతకం పెట్టలేదు.

ఆరేళ్లుగా అదే అలవాటు. ఆలేరు చుట్టుపక్కల ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న పొదుపు సంఘానికి ఆమె అధ్యక్షురాలు, కొడుకు అమరేందర్ మేనేజరు. వారం వారం పొద్దున్నే చాయ్‌తో పాటు తీర్మానాల పుస్తకం తెచ్చి, రాయని పేజీల కింద సంతకాలు పెట్టించుకునేవాడు. మీటింగులకని ఆడవాళ్లు కూలి పోగొట్టుకోవద్దనేవాడు. రాత్రిబడిలో నేర్చిన సంతకం, గోపమ్మ ఇష్టంగా పెట్టేది.

ఆ రోజు అతను స్నానానికి పోయినప్పుడు సైదమ్మ వచ్చింది. సంఘం పుట్టినప్పుడు గోపమ్మతో ఇల్లిల్లూ తిరిగిన మనిషి, కమిటీ సభ్యురాలు. అప్పు ఎవరికివ్వాలో మేనేజరొక్కడే ఎట్లా తేలుస్తాడని ఆఫీసులో అడిగిందట. ముందురోజు ఆమెను కమిటీ నుంచి తీసేసినట్టు కాగితం వచ్చింది.

"నీ సంతకం ఉన్నదంట అక్కా" అని మాత్రం అంది. చాయ్ ముట్టలేదు.

గోపమ్మ పుస్తకం తెరిచి అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కుంది. నిజమే. ముందు పేజీలో అమరేందర్‌కే మేనేజరు పదవి ఇంకో పదేళ్లు అని ఉంది. దాని కిందా తన సంతకమే.

అమరేందర్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఆగిపోయాడు. అందరినీ అడుగుతూ కూర్చుంటే విత్తనాల అదను దాటిపోతుందని చెప్పుకున్నాడు.

"ఒక్క రూపాయి తిన్ననా అమ్మా?"

"తినలే బిడ్డా. మమ్మల్ని అడుగుడే మరిసినవ్."

"తల్లివి. నీ సంతకం నాది కాదా?"

"తల్లి సంతకమైతే నీదే. గిది అందరు కలిసి నా చేతుల పెట్టింది."

రాయని పేజీల కింద మిగిలిన సంతకాలను ఆమే కొట్టేసింది. సాయంత్రం అందరినీ పిలవమంది. రాసింది రాసినట్టు అతనే చదవాలంది.

బడి వరండాలో నలభై మంది ముందు చదివాడు. సైదమ్మ పేరు దగ్గర తలెత్తి ఆమె వైపు చూసి, మళ్లీ చదివాడు. ఎవరూ తిట్టలేదు. రెండు తీర్మానాలూ రద్దయ్యాయి. అతన్ని ఏడాదిపాటు ఉంచుకుందాం, ఆపైన మళ్లీ అడుగుదాం అని లేచి చెప్పింది సైదమ్మే.

తడి కళ్లతోనే ఆ తీర్మానం రాసి పుస్తకం తల్లి ముందు పెట్టాడు. గోపమ్మ కలం పక్కన పెట్టింది.

"జర సదువు బిడ్డా, నేను వింట."

అతను ఆమె పక్కన నేల మీద కూర్చుని మొదటి అక్షరం నుంచి చదివాడు.