తమ్ముడి కుడిచెయ్యి

మా షాపులో పెట్టుడు చేతులూ కాళ్లూ చేస్తాం. వచ్చినవాళ్ల ఒంటి మీద చిన్న లేజర్ స్కానర్ తిప్పితే ఆకారం ఉన్నదున్నట్టు కంప్యూటర్ తెరమీదికి వస్తుంది. మాది చవక రకం, వెలుతురంటే దానికి పడదు. అందుకే ఆ మధ్యాహ్నం కిటికీలన్నీ మూసి, కర్టెన్లు దించి, మా తమ్ముణ్ణి కూర్చోబెట్టాను. వాడి ఎడమ చెయ్యి ఫ్యాక్టరీలో ప్రెస్ మిషన్ కింద పడి తెగిపోయింది. కుడిచేతిని స్కాన్ చేసి అద్దంలోలా తిరగేస్తే, ఎడమ చేతికి అచ్చు దొరుకుతుంది.

ఎర్రటి గీత వాడి ముంజేతి మీద మెల్లగా పాకింది. గదినిండా కాలిన ప్లాస్టిక్ వాసన. తెరమీద వేళ్లు వచ్చాయి, అరచెయ్యి వచ్చింది. మణికట్టు దగ్గర మాత్రం ఏదో ఉబ్బు.

"కదిలావ్. కాసేపు బొమ్మలా కూర్చోలేవా?"

"కదల్లేదక్కా."

మనిషి కదిలితే ఆకారం రెండుగా రావడం మామూలే. తిట్టుకుంటూ మళ్లీ తిప్పాను. ఈసారి స్పష్టంగా వచ్చింది. తెరమీద వాడి మణికట్టు చుట్టూ ఇంకో చేతి వేళ్లు బిగుసుకుని ఉన్నాయి. చిటికెన వేలు వంకర. వాడి చిన్నప్పుడు తలుపు సందులో నలిగిన వేలు... పోయిన ఎడమ చేతిది.

"అక్కా..." గొణిగాడు. "చెయ్యి చల్లబడిపోతోంది. వేళ్లు ముడుచుకోవట్లేదు."

గోళ్లు నీలంగా మారుతున్నాయి. భయమేసింది, అబద్ధమెందుకు. కానీ అంతకుమించి ఒళ్లు మండింది. చొక్కా గుండీలు పెట్టుకోలేక వాడు ఏడవడం చూశాను. ఇప్పుడు ఉన్నదీ పోవాలా? అదీ నా కళ్లముందు?

వాడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాను.

"వాడి జోలికొస్తే ఊరుకోను. కావాలంటే నన్ను పట్టుకో."

చలి నా చేతిలోకి పాకింది... మోచేతి దాకా. తమ్ముడి వేళ్లు కదిలాయి. గోళ్లు ఎర్రబడ్డాయి.

"నువ్వు బయటికి పో," అన్నాను. వాడు వెళ్లాక, "చూద్దాం నీ సంగతి," అంటూ స్కానర్‌ని నా చేతిమీదే తిప్పాను.

తెరమీద వంకర వేలున్న చెయ్యి నా మణికట్టును పట్టుకునే ఉంది. దాని వెనకాల ఇంకో చెయ్యి, దాన్ని పట్టుకుని... చాలా పెద్దది. గోళ్లు లేవు.

అప్పుడర్థమైంది. తమ్ముడి పోయిన చెయ్యి వాణ్ణి లాగలేదు. ఆ పెద్ద చెయ్యి తనను లాక్కుపోతుంటే, పోకుండా వాణ్ణి పట్టుకుని వేలాడింది.

చెయ్యి తిప్పి, కనబడని ఆ చల్లటి వేళ్లను గుప్పిట్లో బిగించాను. నేను వదల్లేదు.

అవతలిదీ వదల్లేదు.