నాన్న ఏరిన ముక్క

హైడెల్‌బర్గ్‌లో ఆ ఆదివారం పొద్దున ఫోల్క్‌మార్ ఉడికిన గుడ్డు పెంకు పగలగొడుతూ, ఉప్పు అందించమన్నంత మామూలుగా అడిగాడు. "నా జన్యువు చిప్ మీద ఉంది కదూ?"

"ఉంది. నువ్వు ఏరిన ప్రోబు మాత్రం లేదు నాన్నా," అంది కూతురు వీబ్కె.

అతని చేతిలో చెంచా ఆగిపోయింది.

వీబ్కె పని అదే. చిప్ అంటే చిన్న గాజు పలక. దానిమీద వేల డీఎన్ఏ ముక్కలు అతికిస్తారు. ఒక్కో ముక్క, అంటే ప్రోబు, ఒక్క జన్యువునే పట్టుకోవాలి. పట్టుకున్న చోట చుక్క వెలుగుతుంది. ఆ ముక్కల్ని ఆమె రాసిన ప్రోగ్రాము ఏరిపెడుతుంది. రేపే ఆ ఎంపిక తయారీకి వెళ్లాలి. అదే రంగంలో శాస్త్రవేత్త అయిన ఫోల్క్‌మార్ అయితే జీవితమంతా కంటితోనే, అదీ జన్యువు తోక, అంటే చివరి భాగం, నుంచే ఏరాడు. కాలేయ క్యాన్సర్‌లో, తను 'నా జన్యువు' అనే ఆ జన్యువు వెలుగుతుందని చూపించి పేరు తెచ్చుకున్నదీ అలా ఏరిన ముక్కతోనే.

"నీ మిషను నాకు పాఠాలు చెప్తుందా? నువ్వు పుట్టకముందు నుంచీ ఏరుతున్నా!"

"అయితే ఏంటి? అది ఇంకో జన్యువుకి కూడా అతుక్కుంటోంది. వీధిలో పేటర్ అని కేకేస్తే ఇద్దరు తిరిగినట్టు. వెలిగింది ఎవరో నీకెలా తెలుసు?"

"అంటే నా పనంతా అబద్ధమా?"

"తెలీదు. తేలాలనే కొత్తది పెట్టా."

"పాతదే పెట్టు. తండ్రిగా చెప్తున్నా."

"తండ్రిగా చెప్పినా పెట్టను."

తల్లి రెనాటె కాఫీ పోస్తూ, "ఆదివారమన్నా ఆ జన్యువుల్ని నిద్రపోనివ్వండి," అంది. ఎవరూ నవ్వలేదు.

వీబ్కె విసురుగా లేచి, ల్యాప్‌టాప్ తెచ్చి అతని పళ్లెం పక్కన పెట్టింది. తెరమీద రెండు జన్యువుల డీఎన్ఏ అక్షరాలు, ఒకదాని కింద ఒకటి. "మిషన్ని నమ్మొద్దులే. నీ కంటితోనే చూడు."

ఫోల్క్‌మార్ కళ్లద్దాలు పెట్టుకుని అక్షరం అక్షరం వేలు జరుపుకుంటూ పోయాడు. తోక దగ్గర వేలు ఆగింది. వెనక్కి వచ్చి మళ్లీ చూశాడు. రెండు తోకలూ ఒకటే. తను ఏరిన రోజుల్లో ఆ రెండో జన్యువు ఉందనే ఎవరికీ తెలియదు. తెలిశాక కూడా చూడనని మొండికేసింది మాత్రం తనే.

"క్యాన్సర్‌లో కొత్తది వెలగకపోతే?" అన్నాడు, గొంతు బాగా తగ్గించి.

"వెలగలేదనే జర్నల్‌కి రాద్దాం."

"రాద్దాం కాదు. నా తప్పు నేనే రాస్తా. నీకు భయమైతే నీ పేరు పెట్టుకోకు."

"నాకెందుకు భయం?"

"ఆ మొండితనమే! ఎవరి పోలికో మరి," అని కూతురి తల మీద చెయ్యి వేశాడు.

అందాకా బిగబట్టుకున్న ఏడుపు వీబ్కెకి తన్నుకొచ్చింది. ఏడుస్తూనే అంది. "అయినా సరే నాన్నా, ఆ పాత ముక్క పెట్టనంటే పెట్టను."

"పెట్టి చూడు, దాన్ని నేనే పీకేస్తా!" అన్నాడు ఫోల్క్‌మార్.