రాందాస్ ఇంట్లో ఫ్రిజ్ ఉందా?

"ఫ్రిజ్ ఉందా?"

"కనపడుతలేదా? కొత్తది," అన్నాడు రాందాస్, దాని మీద చెయ్యి వేసి.

కోటేష్ ట్యాబ్‌లో నొక్కాడు. కారేపల్లి దాటాక అడవి అంచున ఉన్న తండా అది. పేదరికం ఎంతుందో కొలిచే సర్వేకి అక్కడ ఎంపికైన ఇల్లు ఇదే. బైకు ఆపి ఐడీ కార్డు తీసేలోపే రాందాస్ ఎదురొచ్చాడు. "రండి రండి, మీ కోసమే చూస్తున్నం," అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. ఈ ఉద్యోగంలో కోటేష్‌కి ఇప్పటిదాకా ఎదురొచ్చినవి కుక్కలే.

"కూలర్?"

"ఉంది."

"కుర్చీలు?"

"కూసున్నరు గద."

టీ తెచ్చిన అమ్మాయి కప్పు పెట్టిన విసురుకి సగం టీ సాసర్‌లోకి దూకింది.

"నన్ను గూడ రాసుకుంటరా?" అంది.

"రాసుకోవాలండీ. పేరు, చదువు, ఉద్యోగం."

"కవిత. ఖమ్మంల ప్రైవేట్ దవాఖానాల ల్యాబ్ టెక్నీషియన్. వంట రాదు. గది గూడ రాసుకోండి."

వంటకి ట్యాబ్‌లో గడి లేదు. అయినా ఆ వివరం, చెప్పేటప్పుడు ఎగిరిన కనుబొమ్మ, రెండూ కోటేష్‌కి గుర్తుండిపోయాయి.

"పోయిన వారం ఇంట్లో ఎన్ని గుడ్లు తిన్నారండీ?"

కవిత తల్లి రుక్మిణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పెళ్లిచూపులల్ల గుడ్లు గూడ అడుగుతరా?"

అప్పుడే రేకుల మీద వాన మొదలైంది. ఆ మాట కోటేష్‌కి వినబడలేదు. కవితకి వినబడింది. వచ్చినతని మెడలోంచి జేబులోకి దిగిన ఐడీ కార్డు తాడు వైపు అనుమానంగా చూసింది.

ప్రశ్నలు ముగించి అతను చూరు కిందికి రాగానే వెనకే వచ్చింది.

"మీరు పిల్లగాని తరఫు మధ్యవర్తి కాదా?"

"ఏ పిల్లగాడండీ?"

కవిత చొరవగా అతని జేబులోంచి కార్డు లాగి చదివింది. తల పట్టుకుంది.

"ఆ ఫ్రిజ్ మాది కాదు. మంగ్లక్కది. కుర్చీలు పూల్‌సింగ్ మామవి. కూలర్ లాలు బాబాయిది. నన్ను చూసెటోళ్లు వస్తున్నరని మా బాపు అడిగి తెచ్చిండు."

"అడిగితే ఇచ్చేశారా?"

"మా తండాల ఎవరింట్ల చూపులున్నా అందరిండ్ల సామాను ఆడికే పోతది. గది రాసుకునే గడి ఉందా మీ ట్యాబ్‌ల?"

"లేదండీ."

"మరి గివన్నీ కొట్టెయ్యండి."

"మీ నాన్నగారు చెబితేనే మార్చాలండీ. అదీ ఇవాళే. సబ్మిట్ కొడితే మళ్లీ మారదు."

"ఎంత 'అండీ' అన్నా పని చేయరన్నమాట. ఆంధ్ర అంచుకున్న సత్తుపల్లి మర్యాదా?"

"సత్తుపల్లేనండీ."

ఆమెకి నవ్వొచ్చింది. ఆపుకుంది. "వాళ్లొచ్చే టైమయింది. వాళ్ల ముందట మా బాపు ఎట్ల చెప్తడు? సంబంధం పోతది. మా ఒక్క ఇంటితోని ఏమైతది, ఉండనియ్యండి."

"ఒక్క ఇల్లు కాదు," అన్నాడు కోటేష్. "అన్ని ఇళ్లూ తిరగలేక చీటీలు తీసినట్టు కొన్ని తీస్తాం. అడవి అంచున ఇలాంటి వందల ఇళ్ల తరఫున మీ ఇల్లు మాట్లాడుతుంది. మీకు ఫ్రిజ్ ఉందంటే, లెక్కలో వాళ్లందరికీ ఉన్నట్టే."

కవిత తడిసిన చున్నీ అంచు పిండింది.

"ఒక్క చుక్క చూసి ఒళ్లంత ఎట్లుందో చెప్పుడే నా పని. ఆ చుక్క వేరేటోళ్లదైతే?"

"రోగం దొరకదు."

"అవ్. మందు గూడ."

మట్టి రోడ్డు మీద జీపు ఆగింది. పెళ్లికొడుకు మేనమామ బాబూరావు దిగి, గొడుగు ముడిచి, లోపలికొచ్చి కూర్చున్నాడు. కవిత, వెనకే కోటేష్ లోపలికి నడిచారు.

"బాపూ, ఈ సార్ వాళ్ల మనిషి కాదు. పేదరికం లెక్క తీసెటోడు. మనింటిని చూసి మనలాంటి ఇండ్లన్నింటి లెక్క కడతరంట."

రాందాస్ చెయ్యి ఇంకా ఫ్రిజ్ మీదే ఉంది. బాబూరావు వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. చెయ్యి తీశాడు.

"ఇంకోసారి అడుగు బాబూ."

కోటేష్ ట్యాబ్‌లో మొదటి ప్రశ్నకి వెనక్కి వెళ్లాడు. "ఫ్రిజ్ ఉందా?"

"లేదు. మంగ్లిది. పాలు బయట పెట్టుకుని మాకిచ్చింది."

"కుర్చీలు?"

"పూల్‌సింగ్‌వి. మోసుకొచ్చింది గూడ వాడే."

బాబూరావు పూల్‌సింగ్ కుర్చీలోంచి లేచాడు. "లేనిది చూపిచ్చుడు గీడనే చూస్తున్న," అన్నాడు. టీ ముట్టకుండానే జీపెక్కాడు.

రాందాస్ గుమ్మంలో కూలబడ్డాడు.

"పోతే పోయిండు. అడగంగనే ఇచ్చినోళ్ల పేర్లు దాచిపెట్టుడే పొద్దుగాల్నుంచి నాకు మనసున పడుతలేదు. ఇప్పుడు పానం నిమ్మళమైంది."

కోటేష్ ఒక్కో జవాబూ సరిచేసి సబ్మిట్ కొట్టాడు. కవిత బైకు దాకా వచ్చింది.

"మీ సంబంధం చెడగొట్టాను," అన్నాడు.

"పోయింది పిల్లగాడే. సాయంత్రం ఫ్రిజ్ గూడ పోతది." ఈసారి నవ్వు ఆపుకోలేదు. "థాంక్స్. వంట రాదని వాళ్లకు చెప్పే పని తప్పిచ్చిన్రు."

మరుసటి నెల ఖమ్మం ల్యాబ్‌లో ఆమె ముందు కోటేష్ చెయ్యి చాపి కూర్చున్నాడు.

"జరమా?"

"లేదండీ. నిద్ర పట్టట్లేదు. చుక్క చూసి చెప్పండి."

కవిత సూది పక్కన పెట్టింది. "గీ రోగం చుక్కల దొరకదు. మా బాపుకు చెప్పుకోండి."

వానలు తగ్గాక కోటేష్ తల్లిని వెంటబెట్టుకుని తండాకి వచ్చాడు. ఈసారి రాందాస్ ఎవరినీ ఏమీ అడగలేదు. పూల్‌సింగ్ తనంతట తనే కుర్చీలు దించి పోయాడు. మంగ్లి చల్లటి నీళ్ల సీసా పంపింది. రాందాస్ చుట్టాలకి నీళ్లిస్తూ ఏది ఎవరిదో వరసగా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని మొహం వెలుగుతూనే ఉంది.

తర్వాత కోటేష్ వైపు తిరిగాడు. "ఇంటిపేరు?"

"బానోతు."

అతనూ లంబాడానే. రాందాస్ వాళ్లది భూక్యా. గోత్రం వేరే. రుక్మిణి తలూపింది.

"ఇల్లు పక్కాదేనా?"

"రేకులది. వాన పడితే మాట వినపడదు."

"కూలర్?"

"కిరాయిది."

"బైకు?"

"ఇంకా కిస్తీలున్నాయి."

"వంట?" తలుపు వెనక నుంచి కవిత గొంతు.

"వచ్చండీ."

లోపల గాజులు కదిలాయి. "మార్చుకునేదేమన్న ఉంటే ఇప్పుడే చెప్పాలె. సబ్మిట్ కొడితే మళ్ల మారదు."

కోటేష్ పూల్‌సింగ్ కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"మార్చేదేం లేదండీ," అన్నాడు. "కొట్టేయండి."