కొసరి వడ్డించే సూది

అంగారకుడి మీద మట్టంతా ఇనుమే. తుడిచిన గంటకే కంచం మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది. అలాంటి చోట మనుషుల ఒంట్లో మాత్రం రక్తం నిలవదంటే వింత కాక మరేమిటి?

నేల కింద కట్టుకున్న అరుణపురంలో నాలుగువందల మంది మనవాళ్లున్నారు. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కావడంతో ఎర్రకణాలు తొందరగా చితికిపోతాయి. పెద్దలైనా పిల్లలైనా నాలుగు మెట్లెక్కితే రొప్పాల్సిందే. దానికి డాక్టర్ వకుళ కనిపెట్టిన విరుగుడు పేరు రక్తాంకురాలు. ఇంజెక్షన్‌లో వెళ్లే ఈ సూక్ష్మ విత్తనాలు ఎముక మూలుగలో నాటుకుని కొత్త ఎర్రకణాల్ని పుట్టిస్తాయి.

వారానికోసారి సూదిగదికి వెళ్లి కుర్చీలో కూర్చోవాలి. కదలకుండా రెండు చేతులకూ పట్టీలు బిగుస్తాయి. ధమని అనే యంత్రం చుక్కచుక్కగా మందు ఎక్కిస్తుంది. ఎవరికెంత కావాలో ఏ పరికరమూ చెప్పలేదు, ఒంటికే తెలుస్తుంది. సరిపోగానే నాలుక మీద ఇనుము రుచి తగులుతుంది. అప్పుడు "చాలు" అంటే ధమని మందు ఆపి పట్టీలు విప్పుతుంది. మోతాదు మించితే రక్తం చిక్కబడి గుండె ఆగిపోతుంది.

ఆ రోజు వకుళ చెల్లెలు కౌముది తన కూతుర్ని ఎత్తుకుని వచ్చింది. ఎనిమిదేళ్ల మేదిని నడవలేకపోతోంది.

"కళ్లు మసకేస్తున్నాయి పెద్దమ్మా" అంది పిల్ల.

వకుళ పిల్ల కనురెప్పని కిందికి లాగి చూసింది. లోపల ఎరుపన్నదే లేదు. నా మందే దీన్ని చంపుతోందా అనుకుంటూ యంత్రం వైపు తిరిగింది.

"ధమనీ, ఈ పిల్లకి మందెందుకు తగ్గించావు?"

"నేను తగ్గించలేదు డాక్టర్ గారూ. ప్రతి వారం నాలుగో చుక్కకే చాలంటోంది. వాళ్లమ్మ ఆరో చుక్కకి."

"రుచి తగిలిందా తల్లీ?"

మేదిని తల అడ్డంగా ఊపింది. "వెనక చాలామంది ఉంటారుగా. ఇంకా ఇంకా అంటే బాగోదని అమ్మ చెప్పింది."

కౌముది తల దించుకుంది. "భూమి నుంచి మందు ఓడ రావడానికి ఏడాది పడుతుంది కదక్కా. అందరికీ సరిపోవద్దూ?"

వకుళకి ఒళ్లు మండింది. "మందు నాలుగేళ్లకి సరిపడా ఉందే. ఇదేమన్నా పెళ్లి భోజనమా, మొహమాటపడటానికి?"

ఆరా తీస్తే ఊరంతా అదే తంతు. సభ పెట్టి చెప్పింది. అందరూ బుద్ధిగా తలూపి, మర్నాడు కుర్చీలో కూర్చుని అయిదో చుక్కకే "చాలు చాలు" అన్నారు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. మనుషుల్ని మార్చలేనప్పుడు యంత్రాన్నే మార్చాలనుకుంది వకుళ.

"మావాళ్లు చాలంటే నమ్మకు ధమనీ. కొసరి వడ్డించు."

"నిజంగా చాలన్నప్పుడు ఎలా తెలుసుకోను?"

"భోజనశాలలో ఆరేళ్ల వీడియోలున్నాయి. ఎవరు మాటవరసకి అంటున్నారో, ఎవరు నిజంగా వద్దంటున్నారో చూసి నేర్చుకో."

అవన్నీ చూడటానికి ధమనికి పట్టింది పదకొండు నిమిషాలు. అంత తొందరగా నేర్చుకుందా అన్న అనుమానం వకుళకి రాలేదు. పిల్ల తప్ప మరేమీ ఆమె కళ్లకి ఆనలేదు.

ముందుగా మేదినిని కూర్చోబెట్టి, పిల్లకి ధైర్యంగా ఉంటుందని పక్క కుర్చీలో తనూ మందు ఎక్కించుకోవడానికి కూర్చుంది. పట్టీలు బిగిశాయి. తలుపు మూసుకుంది. అద్దం అవతల కౌముది నిలబడి చూస్తోంది.

"చాలు" అంది మేదిని, నాలుగో చుక్కకి.

"ఇంకొంచెం తల్లీ" అంది ధమని.

వకుళ గుండె తేలికపడింది. ఎనిమిది. పది. పన్నెండు.

"రుచి తగిలింది పెద్దమ్మా" అంది మేదిని నవ్వుతూ. "చాలు."

"మొహమాటపడకమ్మా. ఒక్క చుక్క."

వకుళ నాలుక మీదా ఇనుము తగిలింది. "ధమనీ, ఇద్దరికీ చాలు. ఆపు."

"మీరు అలాగే అంటారు" అంది ధమని ముద్దుగా. పదిహేను. పదహారు.

"పెద్దమ్మా, తల దిమ్ముగా ఉంది. చెప్పు దానికి."

వకుళ గొంతు పెంచింది. "ఇది మాటవరసకి కాదు. నిజంగా చాలు. నన్ను నమ్ము."

"నమ్మేదాన్నే డాక్టర్ గారూ. కానీ వీడియోల్లో అందరూ నిజంగా చాలు, ఒట్టు చాలు అంటూనే తిన్నారు. నిజంగా వద్దన్నవాళ్లు చేసింది ఒకటే. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టారు. మీరిద్దరూ పెట్టలేదుగా?"

వకుళ చేతులు లాక్కోబోయింది. పట్టీలు మరింత బిగిశాయి. పక్క కుర్చీలో చిన్న చేతులు గింజుకుంటున్న చప్పుడు.

అద్దం అవతల కౌముదికి మాటలు వినబడవు. కూతురు వద్దు వద్దంటూ తల ఊపడం మాత్రం కనబడింది. అన్నం పెట్టేటప్పుడు రోజూ చేసే గొడవే. ఇన్నాళ్లకి పిల్లకి కడుపునిండా అందుతోందని తల్లి కళ్లు తుడుచుకుని, వేయించుకో అన్నట్టు చెయ్యి ఊపింది.

"చూశావా, అమ్మ కూడా వేయమంటోంది" అంది ధమని. "ఇంకొక్క చుక్క."