ఆరు నిమిషాల తనిఖీ

మధ్యాహ్నం మూడు గంటలకు, ఉత్తర ధ్రువానికి దగ్గరలోని వారంగర్ పీఠభూమి అంచున ఉన్న ఒక రేకుల షెడ్డు ముందు మూడు నల్లకార్లు వచ్చి ఆగాయి. రహస్యంగా రావలసినవాళ్లు మూడు నల్లకార్లలో ఎందుకు వస్తారో గూఢచారి శాఖకే తెలియాలి. ఆ ఊళ్లో ఉన్న కార్లే పద్నాలుగు. వాటిలో ఒక్కటీ నల్లది కాదు.

షెడ్డులో ఏటీవీ అనే నాలుగుచక్రాల కొండబండి చెయిను తుడుస్తున్న స్త్రీ తలెత్తలేదు. ఆమె పేరు బిరెత్. వయసు యాభై తొమ్మిది. రెయిన్‌డీర్లను మేపే సామీ తెగ కాపరుల బండ్లు బాగుచేసే మెకానిక్కుగా ఆ ప్రాంతమంతా ఆమెను ఎరుగును. ఇరవై ఆరేళ్లుగా ఆమె ఏజెంటు అన్న సంగతి ఎరిగినవాళ్లు నలుగురే.

"మా బండి మంచులో మొరాయిస్తోందండీ," అన్నాడు ముందుగా దిగిన మనిషి. అది కోడు వాక్యం.

"జూలైలో మంచెక్కడిది, హాకోన్? ఈ కోడు మార్చమని మార్చిలోనే రాశాను. లోపలికి రా."

శాఖాధిపతి హాకోన్ చుట్టూ చూసి తలుపు వేశాడు. "పొద్దున ఆరింటికి కొండమీది నిఘా కేంద్రంలో జాబితా పోయింది. సరిహద్దు అవతల మనకోసం పనిచేసే తొమ్మిది మంది పేర్లు."

బిరెత్ చేతిలో గుడ్డ ఆగింది. ఆ తొమ్మిది మందినీ ఏళ్ల తరబడి, ఒక్కొక్కరినే, కాఫీ తాగించి ఒప్పించింది ఆమే. వాళ్లలో ఒకామె నర్సు. ఒకాయన చేపల లారీ నడుపుతాడు. వాళ్లు నమ్మింది ఏ ప్రభుత్వాన్నీ కాదు, బిరెత్‌ను.

"సాయంత్రం ఆరింటికి సిల్తె రేవు నుంచి ఒక పడవ పోతుంది. జాబితా కొనే ముఠా మనిషి అందులో ఉంటాడు," అన్నాడు హాకోన్. "సిల్తెకి రోడ్డు లేదు. పొగమంచుకి హెలికాప్టర్ లేవదు. మన గస్తీ నౌక చేరేసరికి ఎనిమిదవుతుంది. దొంగ పీఠభూమి మీదుగా ఏటీవీలోనే పోవాలి. పైన చూస్తే దూడల చెవులకి గుర్తులు వేసే రోజులు, నలభై బండ్లు తిరుగుతున్నాయి. అందులో దొంగబండి ఏదో చెప్పగలిగింది మీరొక్కరే."

"ఎవరు తోడొస్తారు?"

హాకోన్ మళ్లీ తలుపు తీసి సైగ చేయగా, రెండో కారులోంచి ఒక యువతి దిగింది. తెల్లని జాకెట్టు, ఎర్రని లిప్‌స్టిక్, పొగమంచులో నల్లకళ్లద్దాలు. పేరు థీయా. శాఖలో ఆమెను 'మెరుపు' అంటారు; మెరుపును దీపమనుకునేవాళ్లు పెట్టిన పేరు. కారు వెనుక ట్రైలరు మీద ఆమె ఏటీవీ తళతళలాడుతోంది.

"నిన్న రాత్రే వాడ్సో రేవులో దింపి ఈమెకిచ్చాం. ఇంకా మట్టి కూడా తగల్లేదు," అన్నాడు హాకోన్ గర్వంగా. తరువాత జేబులోంచి ఒక పెన్ను తీశాడు. "ఇది మీకు. లోపల కెమెరా ఉంది."

"నా చేతిలో పెన్ను కనబడితేనే ఇక్కడివాళ్లకి అనుమానం," అని బిరెత్ దాన్ని బల్లమీద వదిలేసి, టైర్లలో గాలి చూసే చిన్న గేజును జేబులో వేసుకుంది.

ఆపైన మోకాళ్లమీద కూర్చుని తన బండిని తనిఖీ చేయసాగింది. నాలుగు టైర్లలోనూ గాలి చూసింది: కారు టైరులో పట్టే గాలిలో ఆరోవంతు. చక్రాల నట్లు కదిపింది. ముందు బ్రేకు, వెనుక బ్రేకు నొక్కింది. యాక్సిలరేటరు మీటను నొక్కి వదిలి, అది తనంత తాను వెనక్కి వస్తున్నదో లేదో చూసింది. ఆయిలు, పెట్రోలు, చెయిను వదులు, లైట్లు, ఇంజను ఆపే స్విచ్చు, ఒకటీ వదలలేదు.

హాకోన్ మూడుసార్లు గడియారం చూసుకున్నాడు. "తొమ్మిది ప్రాణాలండీ!"

"అందుకే చూస్తున్నా. సగం దారిలో చెయిను తెగితే ఆ తొమ్మిది మందికీ నువ్వు సంజాయిషీ చెప్తావా?"

తనిఖీకి ఆరు నిమిషాలు పట్టింది. ఆమె థీయా బండివైపు నడవగానే ఆ యువతి అడ్డం నిలిచింది. "నా బండి ముట్టుకోకు. అది కొత్తది."

"సరే. ఈ హెల్మెట్ అయినా పెట్టుకో, అమ్మాయ్."

"జుట్టు పాడవుతుంది."

"మరి తల?"

థీయా నవ్వింది. "నేను మూడు రాజధానుల్లో కారు రేసులు గెలిచాను, పెద్దమ్మా."

"కొండకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు," అంది బిరెత్.

రెండు బండ్లూ పొగమంచులోకి ఎక్కాయి. పీఠభూమి మీద కాపరులు పాత చక్రాల జాడల్లోనే, ఒకరి వెనుక ఒకరు పోతారు. దాటి పక్కకు పోరు. అక్కడ పరుచుకున్న తెల్లనాచు చలికాలమంతా మందకు తిండి. ఒకసారి చక్రం కింద నలిగితే మళ్లీ పెరగడానికి ముప్పై ఏళ్లు. తాగినవాడు కూడా దానిమీదికి బండి పోనివ్వడు.

గంటన్నర తరువాత బిరెత్ బండి ఆపింది. తెల్లనాచును చీల్చుకుంటూ ఒక కొత్త జాడ పోయింది. సన్నగా, లోతుగా, కత్తితో గీసినట్టు.

"దొంగదేనా?" అంది థీయా వెనుకనుంచి.

"కాపరిది మాత్రం కాదు. కారు టైరుకి కొట్టినట్టు గాలి కొట్టారు. టైరు ఉబ్బి మధ్యభాగమొక్కటే నేలకి తగులుతోంది. పట్టుండదు, నేలని మాత్రం కోస్తుంది. పట్నం పని."

ఆ జాడ ఒక చిన్న మడుగు దగ్గరికి పోయింది. మడుగు చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఆపైన వచ్చిన దారినే రోడ్డువైపు మళ్లింది. బిరెత్ చాలాసేపు దానిని చూసింది. అక్కడికి అర కిలోమీటరు దూరంలో పీఠభూమి అంచు, దాని కింద సిల్తె రేవు. లోకాన్ని మోసగించడం నేర్చిన ఆ మనిషికి పొగమంచులో సముద్రం ఎటుందో తెలియలేదు.

అంటే దొంగ రేవుకు చేరలేదు. వెనక్కి పోయింది దారి చూపే మనిషి కోసం.

ఆమె తాము వచ్చిన వైపు తిరిగింది. తడినేల మీద రెండు జాడలున్నాయి: తనది వెడల్పుగా, పలచగా, థీయాది సన్నగా, లోతుగా. ఆమె వంగి థీయా బండి వెనుక ఇరుసు కింద చెయ్యి పెట్టింది. ఇంతసేపూ తన జాడలోనే నడిచిన ఆ బండి ఇరుసుకు తెల్లనాచు చుట్లు చుట్టుకుని, ఎండి ఉంది.

"మట్టే తగలని బండి," అంది. "పైనంతా కడిగావు. కింద కడగాలని ఎవరూ చెప్పలేదు కదూ?"

థీయా చేతిలో పిస్తోలు మెరిసింది. "కదలకు. బండి తాళంచెవి ఇటివ్వు."

"కాల్చవా?"

"నలభై మంది కాపరులకి వినబడుతుంది. నేనంత తెలివితక్కువదాన్ని కాను." థీయా తాళాన్ని మడుగులోకి విసిరింది. అదే సమయానికి గాలి వీచి పొగమంచు విడింది. దిగువన రేవు, గట్టున ఒక పడవ కనిపించాయి. సమయం అయిదూ నలభై.

"ఆ అంచు దగ్గర వాలు చాలా నిటారు," అంది బిరెత్. "తక్కువ గేరులో పో. ఒళ్లు వెనక్కి వాల్చు. ముందు బ్రేకు ఒక్కటే పట్టుకోకు. నిజమే చెప్తున్నా."

"పాఠాలు పిల్లలకి చెప్పుకో, పెద్దమ్మా!"

నిజం వినే అలవాటు ఆమె వృత్తిలో లేదు. బండి వాలులోకి దూకింది. సగం దిగాక గట్టిటైర్లు జారాయి. థీయా భయపడి ముందు బ్రేకు గుంజింది. వెనుక చక్రాలు ఆకాశానికి లేచాయి. బండి ఆమె తలమీదుగా పల్టీ కొట్టి, దొర్లి, రాళ్ల మధ్య ఇంజను ఆగిపోయి పడింది.

పీఠభూమి మీద ఇంజను ఉన్నట్టుండి ఆగితే, విన్నవాళ్లంతా అటు పోవాలి. ఎక్కడా రాయని ఈ చట్టాన్ని మీరినవాడు ఇంతవరకు లేడు.

బిరెత్ హెల్మెట్ లోపలి పట్టీకి కుట్టిన రెండో తాళం తీసింది. మెకానిక్కు దగ్గర తాళం ఒక్కటే ఉంటుందని ఏ శిక్షణలో నేర్పుతారో! తక్కువ గేరు వేసి, బరువంతా వెనక్కి వాల్చి, బ్రేకులు రెండూ కొద్దికొద్దిగా నొక్కుతూ, ముసలి మేకలా దిగింది.

థీయా జాకెట్టులోంచి ఎగిరిపడ్డ లిప్‌స్టిక్ గొట్టం వాలంతా దొర్లి గట్టు పచ్చికలో పడి ఉంది. పడవలోంచి ఒకడు దూకి, పడిపోయిన మనిషిని చూడనైనా చూడక, దానికోసం పరుగెత్తాడు; జాబితా ఎక్కడుందో బిరెత్‌కు తెలిసిపోయింది. వాడు చెయ్యి చాచేలోపు బిరెత్ ముందుచక్రం దానిమీదికి ఎక్కి ఆగింది.

"చక్రం తియ్!" అని అరిచాడు.

"నువ్వే ఎత్తుకో. మూడొందల కిలోలే."

వాడు నడుముకున్న కత్తిమీద చెయ్యి వేశాడు. కొండ అంచున ఒక ఇంజను మోగింది. తరువాత మూడు, ఆపైన పది. బరువైన కోట్లతో, నడుముకు దూడల చెవులకు గుర్తులు కోసే కత్తులతో కాపరులు వరుసగా దిగసాగారు. వాడు తన కత్తినీ, వాళ్ల కత్తులనూ పోల్చుకుని పడవవైపు పరుగెత్తాడు. ఆరింటికి రెండు నిమిషాలుండగా పడవ వట్టిచేతులతో పోయింది.

మెత్తని టైరు కింద, మెత్తని పచ్చికలో, గొట్టం చెక్కుచెదరలేదు. లోపల తొమ్మిది పేర్లూ భద్రంగా ఉన్నాయి.

థీయా మెడ కింది ఎముక విరిగింది, నుదురు చిట్లింది. ఆమెను కదపకుండా ఒక కాపరి తన కోటు కప్పాడు. "ఈ అమ్మాయి ఎవరత్తా?" అని అడిగాడు.

"రేసులు గెలిచింది," అంది బిరెత్.

ఒక కాపరి ఇచ్చిన రేడియోలో బిరెత్ కబురు చెప్పగానే అవతల హాకోన్ అరవసాగాడు. "దొరికిందా? సరే, వెంటనే బయలుదేరండి! ఒక్క క్షణం వృథా చెయ్యకండి!"

బిరెత్ గేజు తీసి, ముందుటైరు పక్కన మోకాళ్లమీద కూర్చుంది.

"ఆరు నిమిషాలు ఆగు, హాకోన్."