బావ వదిలేసిన చుక్కలు

అక్క బావ తెల్లచొక్కాకి ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ముక్కుని బొత్తాల చుట్టూ తిప్పుతోందే తప్ప, వాటి మీదికి పోనివ్వడం లేదు.

బల్లకి అటువైపు చెల్లెలు లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఇంట్లోవాళ్ళకి ఆమె బావ నడిపే ల్యాబ్‌లో జూనియర్. గూఢచారి డిపార్ట్‌మెంట్‌కి మాత్రం ఏజెంట్ ఉడత.

ఆమె చెవిపోగులోంచి చీఫ్ గొంతు ఆమెకి మాత్రమే వినిపించింది.

"ఉడతా, విదేశీ ముఠా ఓడ కదలబోతోంది. పీపాల్లో ఉన్నది రంగుపొడి అని మీ ల్యాబ్ సర్టిఫికెట్. విషమని నా అనుమానం. సర్టిఫికెట్ అబద్ధమని తేలితేనే ఓడ ఆగుతుంది. ఎవరి పనో కూడా తేలాలి."

"సరే సార్."

"ఎవరితోనే మాట్లాడుతున్నావ్?" అంది అక్క.

"నాలో నేనే."

"మీ ల్యాబ్‌కి పోయినవాళ్ళంతా ఇంతేనా? మీ బావ కూడా వారం నుంచి గోడలతో మాట్లాడుతున్నాడు."

ఉడత జడక్లిప్‌లో దాచిన డ్రైవ్ తీసి లాప్‌టాప్‌కి పెట్టింది. అందులో ఆ సర్టిఫికెట్ తాలూకు ల్యాబ్ ఫైల్ ఉంది. పొడి మీదికి ఎక్స్‌రేలు పంపితే అందులోని లోహం ఎంత మింగిందో గ్రాఫ్ చూపిస్తుంది. గీత చాలాదూరం నేలబారుగా నడిచి ఒక్కసారిగా గోడలా లేస్తుంది. విషమైతే ఆ గోడ అడుగున చిన్న మొటిమ ఉంటుంది. రంగుపొడికి ఉండదు. మొటిమ సరిగ్గా కనబడాలంటే కింద బేస్‌లైన్ అనే ఆధారగీత గీసి, గ్రాఫ్‌లోంచి ఆ మేరకు తీసెయ్యాలి. ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా గియ్యాలో సాఫ్ట్‌వేర్‌కి మనిషే చెప్పాలి. కిటుకంతా అక్కడే.

సర్టిఫికెట్ గ్రాఫ్‌లో మొటిమ లేదు. ఉడత పాత బేస్‌లైన్ చెరిపేసి, గోడకి బాగా ఇవతలే ఆగేలా కొత్తది గీసింది. మొటిమ పైకి తేలింది. ఎవరో బేస్‌లైన్‌ని వంచి, సరిగ్గా మొటిమ మీది నుంచే లాగేశారు; తీసివేతలో మొటిమా పోయింది.

ఫైల్ మీద లాగిన్ సెంటు మేడమ్‌ది. ల్యాబ్‌లో అందరికంటే అందగత్తె. ఉడత మొదటినుంచీ ఆవిడనే అనుమానించింది.

తలుపు చప్పుడైంది. ముందు సెంటు వాసన, వెనకాలే మేడమ్.

"రండి, కూర్చోండి," అంది అక్క.

ఉడత చెయ్యి పెన్నులా కనబడే పిస్తోలు మీదికి పోయింది.

"మీ ఇంటి గడియారం ఆగిపోయిందటగా?" అంది మేడమ్.

అది డిపార్ట్‌మెంట్ కోడ్. "లేదు, వెనక్కి నడుస్తోంది," అంది ఉడత అతికష్టం మీద.

మేడమ్ దగ్గరికి వంగింది. "నేను ముఠాలో చేరింది చీఫ్ చెప్పినందుకే. ముఠావాళ్ళు నా లాగిన్ అడిగారు, ఇచ్చాను. వాడింది ఎవరో నాకు చెప్పలేదు. నీ గీతేమైనా చెబుతుందేమో చూడు."

రెండు పడవల మీద నిలబడ్డ మనిషి మాట నమ్మడమా? ఉడత మళ్ళీ ఫైల్ చూసింది. ఈసారి గీత చివర కాదు, మొదలు.

యంత్రం తీసిన ఒక్కో కొలతా గీత మీద ఒక్కో చుక్క. మొదటి ఏడు చుక్కలు లేవు. ల్యాబ్‌లో అవి ఎవరూ తీయరు. ఒక్కరు తప్ప.

'యంత్రం అప్పుడే నిద్రలేచి ఉంటుంది మరదలా, దాని మొదటి ఏడు మాటలూ నమ్మకు.' పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిన గొంతు అది. దొంగపని చేస్తూ కూడా బావకి చెడ్డ చుక్కల్ని ఉంచబుద్ధి కాలేదు.

"చొక్కా అయిందా?" బావ తల తుడుచుకుంటూ వచ్చాడు. మేడమ్‌ని చూసి నవ్వాడు. "సెలవు రోజున ఆఫీసే మా ఇంటికొచ్చిందే." లాప్‌టాప్ వైపు చూశాక నవ్వు ఆగిపోయింది.

"ఏడు చుక్కలు, బావా."

"ఏం చుక్కలే?" అంది అక్క.

"లంగరు లేపేశారు," అన్నాడు చెవిలో చీఫ్. "చెప్పమ్మాయ్. ఎవరు?"

నోరు విప్పితే అక్క ఇల్లు కూలుతుంది. విప్పకపోతే ఆ పీపాలు ఏ ఊరి మీద పడతాయో.

"ఒక్క గీతేగా మరదలా," అన్నాడు బావ మెల్లగా. "మీ అక్క మొహమైనా చూడు."

"చూసే చెప్తున్నాను," అంది ఉడత అక్క వైపే చూస్తూ. "పీపాల్లో ఉన్నది విషం. ఓడ ఆపండి సార్. చేసింది మా బావ."

చెవిలో చాలాసేపు సముద్రం హోరు. తర్వాత చీఫ్ ఊపిరి వదిలాడు. "ఓడ ఆగింది. విప్పిన ఆఖరి తాడు మళ్ళీ కట్టించాను."

అక్క ఇస్త్రీపెట్టె నిలబెట్టింది. చొక్కా దులిపి భర్తకి అందించింది. అతను తొడుక్కుని, బొత్తాలన్నీ పెట్టుకున్నాడు. మేడమ్ తలుపు తెరిచి పట్టుకుంది. అతను ఎవరివంకా చూడకుండా గడప దాటాడు.

చొక్కా మీద మాత్రం ఒక్క ముడతా లేదు.