చప్పుళ్లు కూడా రాయాలి

నీలం నగర్‌లో కింద మరమగ్గాలు, పైన ఒక గది. ఆ గదిలో సిద్ధరాములు, పుట్టుకతోనే చెవులు వినిపించని మనవరాలు ఋతుజ ఉంటారు. పిల్ల ఎటు పోతోందో తెలియాలని ఆయన దాని కాళ్లకు గజ్జెలు కట్టాడు. ఆ చప్పుడు ఆయన కోసమే.

కూతురు ఆరతి నిరుడు వానాకాలంలో జ్వరంతో పోయింది. ఆమె వంటల వీడియోలు యూట్యూబ్‌లో మిగిలాయి. తల్లి పెదాలు కదులుతుంటే ఋతుజ తెరకు ముఖం ఆనించి చూసేది. వీడియో అడుగున వాటంతటవే పడే అక్షరాలకు వీళ్ల యాస తెలుగు అంతుపట్టలేదు. ముసలాయన మొండికేశాడు. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలతో, కూతురి ఫోనులోనే ఒక్క వేలితో, ఆరతి మాటలన్నీ చదవడం వచ్చిన మనవరాలి కోసం తానే రాసి పెట్టసాగాడు.

"ఏం కాకా, రొట్టె తట్టే చప్పుడు గూడ రాస్తున్నవా?" పక్కింటి చంద్రభాగ బీడీలు చుడుతూ నవ్వింది.

"రాస్త. వాళ్లమ్మ గాజులెట్ల మోగేటివో బిడ్డకెవరు చెప్తరు? నువ్వు చెప్తవా?"



ఆ సాయంత్రం కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఒక్కసారే ఆగాయి. గదినిండా చీకటి, మగ్గాల నూనె వాసన. తాత ఒడిలో కూర్చుని ఋతుజ ఫోను చూస్తోంది. జొన్నరొట్టెల వీడియో అయిపోయింది. తెర నల్లబడింది.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

"గాజుల చప్పుడు."

ఇది తను రాయలేదు... సిద్ధరాములు చెవులు రిక్కించాడు. ఏమీ లేదు.

"అమ్మ మెట్లెక్కుతున్న చప్పుడు."

ఋతుజ ముఖం వెలిగింది. వేలితో ముక్కు పక్కన తాకింది. ముక్కుపుల్ల... అమ్మ అని దాని సైగ. లేవబోయింది. ఆయన నడుము చుట్టి పట్టుకున్నాడు.

"తలుపు తడుతున్న చప్పుడు."

తలుపు కదల్లేదు. తీస్తే ఒక్కసారి కూతుర్ని చూడొచ్చు... ఒక్కసారి.

"ఆరతీ... నువ్వేనా బిడ్డా?"

జవాబు తెర మీదే వచ్చింది.

"బాపూ, పిల్లనియ్యి. ఒక్కదాన్నే ఉండలేకపోతున్న."

"ఇయ్యనమ్మా," అని గొణిగాడు. "నాకింకెవరున్నరు? నీకు దండం పెడత... పో తల్లీ."

చాలాసేపు తెర నల్లగానే ఉంది.

"అమ్మ ఏడుస్తున్న చప్పుడు."

ఋతుజ అది చదివి, ఎందుకు ఏడిపించావన్నట్టు తాతను చూసింది.

"అమ్మ మెట్లు దిగుతున్న చప్పుడు."

ఆయన ఊపిరి వదిలాడు. పిల్లను గుండెకు హత్తుకున్నాడు. ఒడిలోనే ఉంది. వెచ్చగానే ఉంది.

"అమ్మ పక్కన చిన్న గజ్జెల చప్పుడు."

ఆయన చెయ్యి చీకట్లో పిల్ల పాదాన్ని వెతికింది. గజ్జెలు కాలికే ఉన్నాయి. మెల్లగా ఊపాడు... గట్టిగా ఊపాడు. ఋతుజ నొప్పితో కాలు లాక్కుంది. కింద వీధిలో ఎవరో దగ్గారు. అది ఆయనకు వినిపించింది.

గజ్జెలు మాత్రం మోగలేదు.